చెరువు గట్టున రాత్రి బస: లక్నవరం, పాకాల, రామప్ప బంగ్లాల పాత ముచ్చట

చల్వాయి పిల్లగాడు

అందరికీ నమస్తే. పోయిన శని, ఆదివారాలు ఇంట్లోళ్ళను తీసుకొని మా ములుగు జిల్లాల లక్నవరం చెరువుకు పోయిన. చెరువు నడుమ దీవి మీది కాటేజీల ఒక రాత్రి ఉన్నం. మాది చల్వాయి పక్కన పల్లె. లక్నవరం నీళ్ళు పారే పొలమే మాది. అయినా ఆ చెరువు నడుమ పండుకొని లేచుడు నాకు 34 ఏళ్ళకు ఇదే మొదటిసారి.

మా నానమ్మ కూడ వచ్చింది. వేలాడే వంతెన మీద నా చెయ్యి గట్టిగ పట్టుకొని నడిచింది. రాత్రి మంచం మీద కూసొని ఒకటే మాట: "ఈ చెరువు కాడ రాత్రి ఉండేది కావలోళ్ళు, చేపలోళ్ళు, దొరలు. మనమెందుకుంటం బిడ్డా? పొద్దు మూకకముందే ఇల్లు చేరాలె." తెల్లారేదాక సరిగ నిద్ర పోలేదు. భయంతోని కాదు, నీళ్ళను చూసుకుంట కూసున్నది.

అప్పటి నుంచి ఈ ముచ్చట నా మనసుల తిరుగుతున్నది. దొరలంటే ఎవరు? ఎక్కడ దిగేటోళ్ళు? వంతెన లేనప్పుడు దీవి మీద ఎవరన్న ఉన్నరా? పాకాల, రామప్ప, తాడ్వాయిల బంగ్లాలు ఎవరి కోసం లేచినయి? నెట్ల వెతికితే గది కిరాయి తప్ప ఏం దొరకలే. తెలిసినోళ్ళు రాయండి. పెద్దలు చెప్పంగ విన్నదైనా సరే, విన్నదని రాయండి. అంతా ఒక్కకాడ పెడత.

మత్తడి

తమ్మీ, ఇది ఎవరో ఒకరు ఎప్పుడో అడగవలసిన ప్రశ్న. నేను నీటిపారుదల శాఖలో 31 ఏళ్ళు పనిచేసి దిగిపోయాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు దీవుల సంగతి. లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. గుట్టల మధ్య మూడు ఇరుకు లోయలున్నాయి. ఆ మూడింటికీ మూడు పొట్టి కట్టలు వేశారు, అంతే. మిగతా గోడంతా గుట్టలే. అంత తక్కువ మట్టితో అన్ని నీళ్ళు ఆపిన పని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నీళ్ళు నిండాక మునగకుండా మిగిలిన గుట్టల తలలే ఇవాళ మనం దీవులంటున్నవి. 13 అని లెక్క. వాటి మీదికి పడవ తప్ప దారి లేదు. కట్టెలు, ఉప్పు, పప్పు, నూనె అన్నీ మోసుకుపోవాలి. పిల్లవాడికి జ్వరం వస్తే రాత్రి దాటే మార్గం లేదు. అక్కడ ఇల్లు కట్టే ఆలోచన ఎవరికి వస్తుంది? చెరువు ఏడు వందల ఏళ్ళ పైచిలుకుది. దీవి మీద బస మాత్రం వంతెన వేసిన తర్వాతి మాట, అంటే మొన్నటిది.

అంతకు ముందు బసలన్నీ కట్ట దగ్గరే. దానికీ కారణం ఉంది. బంగ్లా కట్టింది చెరువు అందం చూడటానికి కాదు, కట్టను చూడటానికి. వానాకాలం ముసురు పట్టిందంటే పెద్ద చెరువు కట్ట మీద రాత్రంతా మనిషి ఉండాలి. ఎక్కడ నీరు ఊటలాగా కారుతోంది, ఎక్కడ కట్ట జారుతోంది, మత్తడి (నిండిన నీళ్ళు పొర్లిపోయే అలుగు) మీద ఎన్ని అడుగులు పోతోంది, తూము తలుపు కదులుతోందా, ఇవన్నీ లాంతరు పట్టుకొని చూడాలి. ఆ రాత్రుల కోసం వేసిన గదులే తర్వాత ఇన్‌స్పెక్షన్ బంగ్లాలయ్యాయి. మా భాషలో ఐబీ. రోడ్ల శాఖవాళ్ళది టీబీ, అంటే ట్రావెలర్స్ బంగ్లా. అడవిశాఖ వాళ్ళ రెస్ట్ హౌస్ వేరు. ఊరి జనానికి మాత్రం మూడూ ఒకటే, "బంగ్లా".

నర్సంపేట టీచరమ్మ

మత్తడి సార్ చెప్పింది చెరువు వైపు కథ. అడవి వైపు కథ ఇంకొకటి ఉంది, నానమ్మ గారు చెప్పిన దొరలు అందులోనే ఉంటారు.

పాకాల చెరువు గణపతిదేవుని కాలంలో, ఆయన కొలువులోని జగదాళ ముమ్మడి తవ్వించింది. కట్ట పొడవు దాదాపు 2,000 గజాలు. ఒక వైపు కట్ట, మిగతా మూడు వైపులా గుట్టలు, దట్టమైన అడవి. అప్పట్లో మా నర్సంపేట తాలూకా పేరు కూడా పాకాల తాలూకాయే. నిజాం కాలంలో ఈ అడవి పులుల వేటకు పెట్టింది పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులి వేటలో ఎంత పేరున్నవాడో అందరికీ తెలిసిందే.

1902లో వైస్రాయ్ కర్జన్ నిజాంతో బేరారు ప్రాంతం మాట తేల్చుకోవడానికి హైదరాబాదు వచ్చాడు. ఆ పని అయ్యాక మా వైపు వేటకు వచ్చాడు. కర్జన్, ఆయన భార్య నిలబడి ఉంటే కాళ్ళ దగ్గర చచ్చిన పులి పడి ఉన్న ఫోటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫోటో కింద ఉన్న ఊరి పేరు నెక్కొండ. అవును, మన నెక్కొండే. లాలా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫోటో. పిల్లలకు పాఠంలో కర్జన్ పేరు వచ్చిన రోజు ఆ ఫోటో చూపిస్తాను. "టీచర్, మన నెక్కొండనా?" అని క్లాసంతా లేచి నిలబడుతుంది.

ఆ వేటలకు ఇటుక బంగ్లాలు లేవు. గుడారాలు. మామూలు గుడారాలు అనుకోకండి. తివాచీలు, మంచాలు, అద్దాలు, వంటవాళ్ళు, ఏనుగులు, గుర్రాలు, అన్నీ కలిసి అడవిలో ఒక ఊరు లేచేది. నాలుగు రోజులు ఉండి మాయమయ్యేది. మన చెరువుల దగ్గర సుఖం కోసం వచ్చి బస చేసిన మొదటివాళ్ళు వీళ్ళే అని నా అభిప్రాయం.

కాజీపేట జంక్షన్

టీచరమ్మా, నెక్కొండే ఎందుకంటే రైలు. నిజాం రైలు పట్టా 1889కి బెజవాడ దాక కలిసింది. కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మానుకోట ఆ లైన్ల మీదనే. అడవికి పోవాలంటే అంతకుముందు ఎడ్లబండి. రైలొచ్చినంక పెద్దమనుషులు హైదరాబాదుల ఎక్కి నెక్కొండల దిగుడే. నేను ఆ లైన్ల గార్డుగ చేసిన. నెక్కొండ స్టేషన్‌ల బండి ఆగినప్పుడల్ల ఆ ఫోటో యాదికొచ్చేది.

మత్తడి

గుడారాల ఊరు ఊరికే లేవదు కదా టీచర్ గారూ. అదీ రాయాలి. గుడారాలు మోసింది, నీళ్ళు తెచ్చింది, కట్టెలు కొట్టింది, డప్పులు కొడుతూ పొదల్లోంచి పులిని తోలింది చుట్టుపక్కల పల్లెల జనం. చాలావరకు వెట్టి. కూలి లేదు. పెద్ద అధికారి దౌరాకు (పర్యటనకు) వస్తున్నాడంటే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, అందరికీ వంతులు పడేవి. కోళ్ళు, గుడ్లు, నెయ్యి ఊరు ఇవ్వాలి. పులిని తోలేటప్పుడు అది తిరగబడి మనిషిని పట్టుకుంటే ఆ పేరు ఏ ఫోటో కింద ఉంటుంది?

చల్వాయి పిల్లగాడు

సార్, ఇది చదివి నానమ్మను మళ్ళ అడిగిన. వాళ్ళ తాత "హాకాకు పోయేటోడు" అన్నది. హాకా అంటే పులిని తోలుడే. ఒక పూటకు ఏమిచ్చేటోళ్ళే అంటే, "ఏమిస్తరు, సద్దికట్టుకొని పోయేటోడు" అన్నది. నిద్ర పోక నీళ్ళను చూసుకుంట కూసున్నది ఎందుకో నాకు ఇప్పుడు జర అర్థమైంది.

ఇందూరు వాసి

మా వైపు కూడా కలపండి, నిజామాబాద్ కూడా ఉత్తర తెలంగాణే. అలీసాగర్ చూశారా? 1930ల మొదట్లో కట్టిన చిన్న జలాశయం. గుట్ట మీద బంగ్లా, కింద మెట్లు మెట్లుగా తోట, నీళ్ళ మధ్య దీవి. నిజాం పెద్దల వేసవి విడిది అని మా ఊళ్ళో చెబుతారు. నిజాంసాగర్ కూడా ఆ రోజుల్లోనే, 1931లో పూర్తయింది, అలీ నవాజ్ జంగ్ బహదూర్ పని. మత్తడి సార్ చెప్పిన ఐబీ పనికోసం పుట్టింది. మా అలీసాగర్ బంగ్లా మాత్రం అచ్చంగా హాయికోసమే పుట్టింది. చిన్నప్పుడు బడి నుంచి తీసుకుపోతే ఆ మెట్ల మీద పులిహోర తిన్న రుచి ఇంకా నాలుక మీద ఉంది.

నిర్మల్ కొయ్యబొమ్మ

కడెం కూడా. ప్రాజెక్టు పక్కన గెస్ట్ హౌస్, ఇప్పుడు హరిత రిసార్టు. 1958లో కట్టకు గండి పడ్డ ప్రాజెక్టు ఇది. 2022 జూలైలో 5 లక్షల క్యూసెక్కులకు పైన వరద వస్తే గేట్లు ఎత్తినా కట్ట మీదనుంచి నీళ్ళు దుంకుతయేమో అని ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. ఆ రాత్రి ప్రాజెక్టు సిబ్బంది అక్కడ ఎట్లా గడిపారో తలచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. కట్ట దగ్గర గది ఎందుకు ఉండాలో ఆ రోజు తెలిసింది.

బంగ్లా బిడ్డ

వారం నుంచి చదువుతున్న. రాయాల్నా వద్దా అనుకుంట రాస్తున్న. మా నాయిన ఒక చెరువు కట్ట కాడి సర్కారు బంగ్లాకు చౌకీదారు. ఏ చెరువో, ఏ శాఖో రాయను. నేను అక్కడనే పుట్టి, పదో తరగతి దాక అక్కడనే పెరిగిన. ఇప్పుడు హన్మకొండల ఉంటున్న.

బంగ్లా ఎట్లుండేదో చెప్త, రాసుకో తమ్మీ. మూడు అడుగుల ఎత్తు గద్దె. నాలుగు దిక్కులు వరండా. లోపట రెండు అర్రలు (గదులు), వాటి నడుమ ఒక హాలు. బెంగుళూరు పెంకులు. కిడికీలకు ఆకుపచ్చ రంగు చెక్క తలుపులు, చెరువు దిక్కు కిడికీ తీస్తే గాలికి తలుపు గోడకు కొట్టుకునేది. వంటిల్లు బంగ్లాకు దూరంగ ఉండె, పొగ రావద్దని. దాని ఎనక మా గుడిసె. కరెంటు నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు వచ్చింది. అంతకుముందు కందీళ్ళు. పొద్దు మూకేటాళ్ళకు ఏడు కందీళ్ళ గాజులు బూడిదతోని తోమి, వత్తులు సరిచేసి, గాసునూనె పోసి వరస పెట్టుడు నా పని. ఒక గాజు పలిగితే నాయిన జీతంల కోసేటోళ్ళు. అందుకే ఇయ్యాల్టికి గాజు గిలాస పట్టుకుంటే నా చెయ్యి గట్టిగ పడుతది.

ఎవరొచ్చేటోళ్ళు? ఇంజినీర్లు వానకాలం. మిగతా దినాలు తహసీల్దార్లు, పోలీసు సార్లు, వాళ్ళ సుట్టాలు, ఎలక్షన్లప్పుడు లీడర్లు. ఒక లావు రిజిస్టర్ ఉండె. పేరు, హోదా, వచ్చిన పొద్దు, పోయిన పొద్దు, కట్టిన పైసలు. చివర్ల "బంగ్లా నచ్చినదా" అని ఒక గడి. అందరు ఇంగ్లీషుల రాసేటోళ్ళు. నాయినకు సదువు రాదు. నేను ఆరో తరగతికి వచ్చినంక నాతోని సదివిచ్చుకునేటోడు. "ఏం రాసిన్రు బిడ్డా, మంచిగ రాసిన్రా?" అని. ఒకసారి ఎవరో "చేపల కూర బాగుంది" అని రాసిండ్రు. అది మా అవ్వ వండిన కూర. అవ్వకు జీతం లేదు, ఆమె పేరు ఏ కాయితంల లేదు. నాయిన ఆ దినం ఆ పేజీ అవ్వకు చూపెట్టిండు. ఆమెకు సదువు రాదు. అయినా చెయ్యి కడుక్కొని వచ్చి ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది.

కూర ఎట్లంటే: చెరువుల పడ్డ బొచ్చె, చింతపులుసు, మెంతులు, ఆఖర్ల వెల్లిపాయ దంచి వేసుడు. కుండల వండుడు. దించినంక ఒక పూట ఆగి తింటేనే రుచి.

మంచిగ ఉన్నోళ్ళు ఉన్నరు. ఒక ఇంజినీరు సారు ముసుర్ల మూడు రాత్రులు నాయినతోని పాటు కట్ట మీద తిరిగి, పొద్దుగాల మా గుడిసె ముందు కూసొని మా గిన్నెలనే గట్క తాగిండు. నాకు పలక కొనిచ్చిండు. చెడ్డోళ్ళు కూడ ఉన్నరు, వాళ్ళ ముచ్చట రాయ.

బంగ్లా ఇప్పుడు లేదు. పెంకులు పోయినయి, దూలాలు పోయినయి, గద్దె ఉన్నది. రిజిస్టర్ ఏమైందో తెల్వదు. నాకు ఆ రిజిస్టర్ కావాలె. ఇంకేం వద్దు.

నర్సంపేట టీచరమ్మ

అమ్మా, రెండుసార్లు చదివాను. రెండోసారి మా పిల్లలకు వినిపించాను. మీరు రాసిన ఏడు కందీళ్ళ మాట నేను చదివిన ఏ చరిత్రలోనూ లేదు.

పడవ సరంగు

అక్కా నమస్తే. నేను లక్నవరంల బోటు నడుపుత. మీ నాయిన లెక్కనే మా పెదనాయిన తూము కాడ నీరటిగ చేసిండు. రంగాపురం, శ్రీరాంపతి, నర్సింహుల, కోట కాలువ, ఏ కాలువకు ఎన్ని దినాలు నీళ్ళు ఇడవాల్నో ఆయనకు నోటికి ఉండె. ఆయన కూడ కట్ట మీద చిన్న పాక వేసుకొని పండుకునేటోడు. అది కూడ బసనే కద.

ఓరుగల్లు రమణీయం

అందరికీ ఒక మాట. నేను పర్యటనల వ్యాపారంలో ఉన్నాను, నా మాట నచ్చకపోవచ్చు. పాత బంగ్లాల్లో మామూలు మనిషికి గది దొరికేదా? అధికారి చీటీ కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో పర్యాటక సంస్థ వచ్చి, "పున్నమి" అని, తర్వాత "హరిత" అని పేరుపెట్టి, డబ్బు కట్టిన ఎవరికైనా గది ఇవ్వడం మొదలుపెట్టింది. నాకది చిన్న మార్పు కాదు. చల్వాయి తమ్ముడి నానమ్మ చెరువు మధ్యలో మంచం మీద కూర్చోగలిగింది అందుకే. 2024 చివర్లో లక్నవరం మూడో దీవి మీద ప్రైవేటు భాగస్వామ్యంతో కొత్త రిసార్టు తెరిచారు. హైదరాబాదు, విజయవాడల నుంచి వస్తున్నారు. బుస్సాపూర్ దారిలో చాయ్ కొట్టు పెట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. పాతది తలచుకుంటూ కొత్తదాన్ని తప్పు పట్టొద్దని నా మనవి.

చల్వాయి పిల్లగాడు

అన్నా, తప్పు పడుతలేను. నేనే పైసలు పెట్టి పోయిన. కాని చీటీ జాగల ఇప్పుడు కిరాయి వచ్చింది. కొత్త దీవి మీద ఒక రాత్రి కిరాయి మా ఊరి కూలి మనిషికి ఎన్ని దినాల కూలో లెక్క పెట్టు. ఆ నీళ్ళతోని నాటేసేటోళ్ళు ఆ నీళ్ళ మీద ఒక్క రాత్రి ఉండలేరు. ఏడాదికి ఒక్కసారి, వానకాలం తరువాత చెరువు మత్తడి దుంకినప్పుడు, ఆయకట్టు ఊళ్ళ ముసలోళ్ళకు రెండు గదులు ఊరికెనే ఇయ్యాలని నా కోరిక. దరఖాస్తు రాస్త.

ఓరుగల్లు రమణీయం

రాయి తమ్మీ. నేను కూడా సంతకం పెడతాను, నిజంగానే అంటున్నాను. ఆదివారం కాకుండా వారం మధ్యలో అయితే గదులు ఖాళీగానే ఉంటాయి, ఎవరికీ నష్టం లేదు.

మత్తడి

దరఖాస్తులో ఇంకొకటి చేర్చండి. గదులు పెరిగినకొద్దీ మురుగు పెరుగుతుంది. దీవి మీద మురుగు ఎక్కడికి పోతుంది? దాన్ని శుద్ధి చేసి ఒడ్డుకు తెచ్చే ఏర్పాటు ఎంతమంది వస్తే అంతకు సరిపోయేట్టుగా ఉండాలి. ఇది ఊరికే చూడటానికి ఉన్న తటాకం కాదు, ఈ నీళ్ళు తాగే పశువులున్నాయి, కింద వరి ఉంది, చేపలున్నాయి. నిండు మట్టం గీత లోపల, శిఖం భూమిలో ఒక్క ఇటుక కూడా పడకూడదు. ఎండాకాలం చెరువు తగ్గినప్పుడు ఖాళీగా కనిపించే నేల చెరువుదే. దాన్ని చూసి చాలామంది మోసపోతారు.

లక్ష్మీదేవిపేట

మత్తడి సార్ మాటకు నేను సాక్ష్యం. 2023 జూలై 27 పొద్దుటికి మా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కొలిచారు. రాష్ట్రంలోనే అంతకుముందు అంత వాన నమోదు కాలేదు. రామప్ప మా మండలమే. ఆ రాత్రి వాగు ఏదో, రోడ్డు ఏదో, పొలం ఏదో తెలియలేదు. నేను ఇంటి మీదికెక్కి నిలబడ్డాను. తెల్లారి చూస్తే నీళ్ళు తమ పాత జాగాలన్నిటినీ గుర్తుపెట్టుకొని వచ్చినట్టు అనిపించింది. ఎవరు ఎక్కడ కట్టుకున్నా ఆ రోజును కొలతగా పెట్టుకోవాలి.

రామప్ప గురించి కూడా రాస్తాను, ఇంకా ఎవరూ రాయలేదు. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడు, చెరువూ ఆయనదే. గుడిని లోకానికి చూపెట్టిన పని నిజాం పురావస్తు శాఖ మొదటి అధిపతి గులాం యజ్దానీది. పాలంపేట గుళ్ళ మీద ఆయన పుస్తకం 1922లో వచ్చింది. అప్పుడు ఇక్కడికి రోడ్డేది? ఆయన, ఆయన మనుషులు ఈ అడవిలో దిగి స్తంభం స్తంభం కొలుచుకున్నారు. వేట కోసం కాక, ఫైలు కోసం కాక, శిల్పం కోసం ఇక్కడికి వచ్చిన పెద్దమనిషి అని నాకు ఆయన మీద గౌరవం. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. గుడికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం వేయొద్దు, ఆ పైన 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలి అని చట్టం. బస చెరువు వైపు ఉంది. చెరువు ఒడ్డు కాటేజీ వరండాలో కూర్చొని నీళ్ళ మీద మంచు లేవడం చూశాను. ఆ పొద్దు వేరు.

కాజీపేట జంక్షన్

తాడ్వాయి మరిచిన్రు. ఏటూరునాగారం, పాకాల రెండు అడవులు 1950ల మొదట్లనే అభయారణ్యాలైనయి. 1972 వన్యప్రాణి చట్టంతోని పులి వేట బందైంది. అట్ల శికారు (వేట) బంగ్లాల పని అయిపోయింది. తరువాత చాలా ఏండ్లు, మీకు తెలుసు, నక్సలైట్ల కాలం, ఆ అడవుల రాత్రి బస అనే మాట ఎవరూ అనకుండె. సాయంత్రం బస్సులు గూడ ముందుగాలనే మలిగేటియి. ఇప్పుడు తాడ్వాయిల అడవిశాఖ గుడిసెలు ఉన్నయి, మేడారం పోయేటోళ్ళు దిగుతరు. 2024 ఆగస్టు ఆఖర్ల ఒక్క గాలిదుమారానికి ఆ అడవిల వేల చెట్లు పడ్డయి. నేను పోయి చూసిన. అన్ని చెట్లు ఒక్క దిక్కు పండుకున్నట్టు ఉండె. ఆ రాత్రి ఆ దారిన మనుషులుంటే ఏం గావాలె?

నర్సంపేట టీచరమ్మ

చల్వాయి తమ్మీ, మీరు ఒక్కచోట రాసేటప్పుడు బంగ్లాలు కట్టిన తేదీల కన్నా ముందు ఈ పేర్లు పెట్టండి: చౌకీదారు, ఖాన్సామా (వంటవాడు), నీరటి, హాకా మనిషి, పడవ సరంగు. మనుషుల పేర్లు వద్దు, పనుల పేర్లు చాలు. తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి.

బంగ్లా బిడ్డ గారిని ఒక్కటి అడగాలని ఉంది. బాధ పెట్టేదైతే జవాబు రాయకండి. మీరు ఎప్పుడైనా ఆ బంగ్లా గదిలో పండుకున్నారా?

పడవ సరంగు

అక్క రాసేదాక నేనొకటి చెప్త. ఎండకాలం నీళ్ళు దిగితే లక్నవరంల కొన్నికాడ పాత రాళ్ళ వరసలు తేలుతయి. దేనివో నాకు తెల్వదు. మే నెలల రండి, మత్తడి సారును కూడ పట్టుకొని రండి. బోటుకు పైసలు వద్దు.

మత్తడి

వస్తాను తమ్మీ. టేపు, మట్టం కొయ్య నా దగ్గర ఉన్నాయి.

బంగ్లా బిడ్డ

టీచరమ్మా, బాధ ఏం లేదు. ఒక్కసారి.

నాకు తొమ్మిదేండ్లు ఉండొచ్చు. పెద్ద గాలివాన వచ్చి మా గుడిసె పైకప్పు లేచి చెరువుల పడ్డది. బంగ్లా ఖాళీగ ఉండె, ఎవరూ లేరు. అవ్వ తమ్ముణ్ణి సంకల ఏసుకొని, నన్ను చెయ్యి పట్టుకొని బంగ్లాకు ఉరికింది. నాయిన సాప తెచ్చి వరండాల పరిచిండు. జల్లు కొడుతున్నది. అవ్వ అన్నది, "అర్ర తెరువు, పిల్లలు తడుస్తున్నరు." తాళాలు నాయిన మొలతాడుకే ఉండె. ఆయన తాళం చేతిల పట్టుకొని చానాసేపు నిలబడ్డడు. తియ్యలే. గొంగడి తెచ్చి, వాన కొట్టే దిక్కు రెండు చేతులతోని అడ్డం పట్టుకొని, తెల్లారేదాక అట్లనే నిలబడ్డడు.

నేను పండుకున్న. మంచిగ నిద్ర పట్టింది. పొద్దుగాల లేచి చూస్తే చెరువు నిండి ఉన్నది, నాయిన ఇంక నిలబడే ఉన్నడు.